థైరాయిడ్ మాత్ర, నా ఫిల్టర్ కాఫీ

దువ్వెన నిండా జుట్టు వస్తుంటే బెంగళూరు మారతహళ్లి బోరు నీళ్లను తిట్టుకున్నా, నెలసరి రెండు నెలలకోసారి వస్తుంటే ఆఫీసు టెన్షన్ అనుకున్నా, చివరికి టెస్టు చేయిస్తే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగిస్తే పెరిగే హార్మోను) 11, ఉండాల్సింది సుమారు 4 లోపు. మాత్ర మొదలుపెట్టి రెండు నెలలైనా 9 దగ్గరే ఆగింది. డోసు పెంచుతారేమో అనుకుంటే డాక్టరమ్మ అడిగిన మాట ఒకటే, "మాత్ర దేంతో వేసుకుంటున్నావమ్మా?"

ఇంకేంటి, పొద్దున్నే ఫిల్టర్ కాఫీతో! పైగా టిఫిన్ అవగానే ఐరన్ మాత్ర. కాఫీ, ఐరన్, కాల్షియం, ఇవేవీ థైరాయిడ్ మాత్రను సరిగ్గా ఒంటికి పట్టనివ్వవట. ఇప్పుడు లేవగానే పరగడుపున మంచినీళ్లతో వేసుకుని గంట ఆగి కాఫీ (ఆ గంట నరకం), ఐరన్ రాత్రికి మార్చా. 8 వారాలకు 3.2, డోసు అదే 50 మైక్రోగ్రాములు. నెలసరి గాడిలో పడింది. జుట్టు మాత్రం ఇంకా రాలుతూనే ఉంది.