సీజన్ కూరగాయలు, పండ్లు ఫ్రీజర్‌లో పెట్టే ముందు

సీజన్‌లో కూరగాయలు కుప్పలుగా వచ్చినప్పుడు నాలుగు కిలోలు ఎక్కువే తెస్తాం. కడిగి, కోసి, కవర్లలో కుక్కి ఫ్రీజర్‌లో పెట్టేస్తాం. నేనూ మొదటిసారి బీన్స్‌ని అలాగే పెట్టాను. రెండు నెలల తర్వాత తీస్తే రంగు పోయి, పీచుపీచుగా, ఎండుగడ్డి వాసన వచ్చాయి. ఫ్రీజర్ పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. నిజానికి తలుపు వేయకముందు చేయాల్సిన పనులు నేను చేయలేదు.

ముందు మీ ఫ్రీజర్ చూసుకోండి. దీర్ఘకాలం నిల్వకి మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఫ్రీజర్ అర మీద నక్షత్రాల గుర్తులుంటే గమనించండి. ఒక నక్షత్రం అంటే మైనస్ 6, రెండంటే మైనస్ 12, మూడంటే మైనస్ 18. తాజా సరుకుని గడ్డకట్టించడానికి తయారుచేసింది నాలుగు నక్షత్రాలది. ఒకటి, రెండు నక్షత్రాలున్న అరలో నెలల తరబడి నిల్వ ఉంచాలనుకోకండి.

వాడిపోయినవి, మచ్చలు పడ్డవి ఫ్రీజర్‌లో పెడితే బాగుపడవు. ఎలా పెడితే అలాగే, ఇంకాస్త మెత్తబడి బయటికొస్తాయి. లేతగా, గట్టిగా ఉన్నవే ఏరండి, వీలైతే తెచ్చిన రోజే పని ముగించండి.

అసలు కిటుకంతా బ్లాంచింగ్‌లో ఉంది. కోసిన తర్వాత కూడా కూరగాయల్లో ఎంజైములు పనిచేస్తూనే ఉంటాయి. చలికి వాటి వేగం తగ్గుతుందే గానీ ఆగదు. నా బీన్స్ రంగు, రుచి తినేసింది అవే. వాటిని ఆపాలంటే మరిగే నీళ్లలో కాసేపు ముంచి తీయాలి, బ్లాంచింగ్ అంటే ఇదే. అరకిలో ముక్కలకి 4 లీటర్ల నీళ్లు పెట్టండి. ముక్కలు వేశాక నిమిషం లోపు నీళ్లు మళ్లీ మరగాలి, టైము అప్పటినుంచే లెక్క. అంతకంటే ఆలస్యమైతే ముక్కలు ఎక్కువయ్యాయని అర్థం. బఠాణీలకు ఒకటిన్నర నిమిషం, క్యారెట్ ముక్కలకు, పాలకూరకు 2 నిమిషాలు, బీన్స్‌కు 3 నిమిషాలు సరిపోతుంది. మొక్కజొన్న కంకుల్ని 4 నిమిషాలు ఉంచి, చల్లారాక గింజలు ఒలవండి. తొందరపడి ముందే తీసేస్తే ఎంజైములు ఇంకా రెచ్చిపోతాయి, దానికంటే అసలు చేయకపోవడమే నయం. తీసిన వెంటనే ఐస్ నీళ్లలో వేసి, ఉడికించినంత సేపూ ఉంచండి. ముక్క మధ్యలో విరిచి చూడండి, లోపల కూడా చల్లగా తగలాలి. ఉల్లిపాయ, క్యాప్సికమ్‌లకు ఈ పనేమీ అక్కర్లేదు, పచ్చివే పెట్టుకోవచ్చు.

తర్వాత తడి. నీళ్లు వంపేసి, పొడిబట్ట మీద పరిచి, చేతికి తడి అంటనంతగా ఆరనివ్వండి. ట్రేలో ఒకే వరసగా, ముక్కకి ముక్క తగలకుండా పేర్చి గట్టిపడ్డాకే కవర్లోకి మార్చండి. అప్పుడే ఒక గుప్పెడు కావాలంటే ఒక గుప్పెడే వస్తుంది, లేకపోతే మొత్తం ఒకే గడ్డ. ఎంత త్వరగా గడ్డకడితే మంచు పలుకులు అంత చిన్నగా ఉంటాయి. మెల్లగా గడ్డకడితే పెద్ద పలుకులు కణాల గోడల్ని చీల్చేస్తాయి, కరిగాక ముక్క నీళ్లోడుతుంది. అందుకే ఒకేసారి ఫ్రీజర్‌ నింపేయొద్దు. 100 లీటర్ల ఫ్రీజర్‌కి రోజుకి 3-4 కిలోలు చాలు.

కవర్లోంచి గాలి బాగా నొక్కి తీసేయండి. గాలి తగిలిన చోట ముక్క ఎండి, తెల్లటి మచ్చలు పడతాయి. రసం, గుజ్జు డబ్బాలో పోస్తే పైన కాస్త ఖాళీ వదలండి, నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. గాజు సీసా పగలడానికి అదే కారణం. తేదీ రాసి అంటించడం మరవొద్దు. 8 నుంచి 12 నెలల్లోపు వాడేస్తే రుచి బాగుంటుంది.

పండ్లకు బ్లాంచింగ్ అక్కర్లేదు. ఆపిల్ లాంటివి కోయగానే నల్లబడతాయి కాబట్టి నిమ్మరసం కలిపిన నీళ్లలో ముంచి తీయండి. దోసకాయ, ముల్లంగి, పచ్చి బంగాళదుంప మాత్రం పెట్టకండి, మెత్తబడిపోతాయి.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. చలికి క్రిములు చావవు, నిద్రపోతాయి. 2015-2018 మధ్య యూరప్‌లో గడ్డకట్టించిన మొక్కజొన్న గింజలతో ముడిపడిన లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌తో 9 మంది చనిపోయారు. కాబట్టి చేతులు, కత్తి, పలక కడుక్కోకుండా పని మొదలుపెట్టొద్దు. ఫ్రీజర్ కూరగాయల్ని కరగబెట్టి పచ్చిగా సలాడ్‌లో వేయొద్దు, పూర్తిగా ఉడికించే తినండి. ఇంట్లో గర్భిణులు, పెద్దవాళ్లు ఉంటే ఇంకా జాగ్రత్త.

కరెంటు పోతే తలుపు తెరవకండి. నిండుగా ఉన్న ఫ్రీజర్ దాదాపు 48 గంటలు, సగం నిండింది 24 గంటలు చలి నిలుపుకుంటుంది. కరెంటు వచ్చాక ముక్కల్లో ఇంకా మంచు పలుకులు కనిపిస్తే మళ్లీ గడ్డకట్టనివ్వొచ్చు, రుచి మాత్రం కాస్త తగ్గుతుంది. పూర్తిగా కరిగి వెచ్చబడినవైతే పారేయండి.