కార్తీకంలో సముద్ర స్నానానికి పోతున్నారా? సునామీ జాగ్రత్తలు ఎలా తీసుకోవాలి?

కడప నుంచి బద్వేలు, ఆత్మకూరు మీదుగా నెల్లూరు, అక్కడి నుంచి మైపాడు. కార్తీక మాసం వచ్చిందంటే మా వీధి నుంచి ఒక టెంపో ఈ దారి పట్టాల్సిందే. పులిహోర, ఊరగాయ, చాపలు, మార్చుకునే బట్టలు అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుతాం. సముద్రం పొంగి మీదికొస్తే ఎటు పరుగెత్తాలో మాత్రం ఒక్కరూ అడగరు. తీరంలో పుట్టి పెరిగినవాళ్లు అలను చూసి పసిగట్టేది మన కంటికి ఆనదు. మనకు తెలిసినవి వంకలు, చెరువులు, పెన్నా.

నీళ్లు చెప్పి రావని మనకూ తెలియకపోలేదు. 2021 నవంబరు 19న పొద్దున్నే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లను ఊడ్చేసింది. ఆ రోజు కార్తీక పౌర్ణమి. సునామీ వచ్చిన 2004 డిసెంబరు 26, ఆదివారం కూడా పౌర్ణమే. బందరు దగ్గర మంగినపూడిలో పుణ్యస్నానానికి దిగినవాళ్లను ఆ నీళ్లు లాక్కుపోయాయి. చంద్రుడికీ సునామీకీ సంబంధం లేదు. అది సముద్రం అడుగున భూమి కదిలితే వచ్చేది. కాకపోతే పౌర్ణమి నాడు జనమంతా నీళ్ల దగ్గరే ఉంటారు.

బయలుదేరే ముందు రోజు

మొదట వాతావరణం చూడండి. బంగాళాఖాతంలో వాయుగుండమో తుఫానో ఉందంటే ప్రయాణం వాయిదా వేయండి, అంతే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది సునామీ కాదు, తుఫానుతో పాటు వచ్చిన ఉప్పెన. తుఫాను సంగతి ఇప్పుడు రోజుల ముందే తెలుస్తుంది కాబట్టి ఉప్పెనను తప్పించుకోవడం సులువు: అటు పోకపోవడమే.

సునామీకి అంత గడువు ఉండదు. అయినా కొంత ఉంటుంది. సుమత్రా వైపు భూకంపం వస్తే అల మన తీరానికి చేరడానికి రెండు గంటలకు పైగానే పడుతుంది. 2004లో మన టైం ప్రకారం ఉదయం ఆరున్నరకు భూమి కంపిస్తే, నీళ్లు ఇక్కడికి తొమ్మిది ప్రాంతంలో వచ్చాయి. ఆ మధ్యలో చెప్పే వ్యవస్థే అప్పుడు లేదు. ఇప్పుడు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే కేంద్రం 2007 నుంచి ఆ పని చేస్తోంది. పెద్ద భూకంపం వచ్చిన పది నిమిషాల్లోనే అక్కడి నుంచి మొదటి కబురు వెళ్తుంది. అది మీ దాకా చేరాలంటే ఫోన్ సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ అలర్ట్స్ ఆన్‌లో ఉండాలి. ప్రభుత్వ సచేత్ యాప్ కూడా వేసుకోండి.

ఆ కబురులో మూడు మాటలు వస్తాయి. వార్నింగ్ అంటే తీరం ఖాళీ చేసి వెళ్లిపోవాలి. అలర్ట్ అంటే బీచ్ దగ్గర ఉండకూడదు. వాచ్ అంటే తర్వాతి కబురు కోసం కనిపెట్టుకుని ఉండాలి. మనలాంటి బయటి ఊరి వాళ్లకైతే నా సలహా ఒకటే: మూడింటిలో ఏది వచ్చినా టెంపో ఎక్కేయండి.

బీచ్‌లో దిగగానే

టెంపో ముఖం రోడ్డు వైపు ఉండేలా పెట్టించండి. డ్రైవర్‌ను నీళ్లలోకి రమ్మని బలవంతం చేయొద్దు, తాళం అతని దగ్గరే ఉండాలి.

తర్వాత పక్కనున్న కొట్టులోనో, వలలు బాగుచేసుకునే మత్స్యకారులనో అడగండి: "అన్నా, ఇక్కడ తుఫాను షెల్టర్ ఎక్కడుంది?" ఒక్క నిమిషం పని. నెల్లూరు తీరమంతా చదును నేల. ఎక్కడానికి మన పాలకొండల్లాంటివి అక్కడ లేవు. కాబట్టి తుఫాను షెల్టరో, గట్టి కాంక్రీటు మేడ మూడో అంతస్తో చూసి పెట్టుకోవాలి. లేదంటే ఒడ్డు నుంచి లోపలికి మూడు కిలోమీటర్లు దాటిపోవాలి. ఏటిపాయ, కాలువ గట్ల వెంబడి మాత్రం పోవద్దు. సునామీ నీళ్లు వాటిలో పడి చాలా లోపలికి వస్తాయి.

ఇక అసలు సంగతి. ప్రతి టెంపోలోనూ స్నానం ముగించి సంచుల దగ్గర కూర్చునే పెద్దామె ఒకరు ఉంటారు. అందరి ఫోన్లూ ఆమె ఒళ్లోనే ఉంటాయి. అలర్ట్ మోగితే వినిపించేది ఆమె ఒక్కరికే. కాబట్టి ఆమెనే కాపలా పెట్టండి. చేతికి ఒక ఈల ఇచ్చి, "అవ్వా, ఫోన్ గట్టిగా అరిచినా, సముద్రం తేడాగా కనిపించినా ఈల ఊదు" అని చెప్పండి. ఈల వినగానే ఎక్కడివాళ్లు అక్కడ బయటికి రావాలని పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. సంచుల కోసం వెనక్కి పోకూడదు. మా ఇంట్లో ఈ ఒక్క మాట దగ్గరే గొడవ అవుతుంది.

నీళ్లలో ఉన్నప్పుడు

సునామీ ఎప్పుడో వచ్చేది. లోపలికి గుంజే ప్రవాహం మాత్రం మామూలు రోజుల్లోనే మనుషులను తీసుకుపోతుంది. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో నీళ్లు నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తే, ఆ నెమ్మదిని నమ్మొద్దు. వెనక్కి పోయే నీళ్లకు అదే దారి. అందులో పడితే ఒడ్డు వైపు ఎదురీదకండి, అలసిపోతారు. వెల్లకిలా తేలుతూ పక్కకు, ఒడ్డుకు సమాంతరంగా కదలండి. ఈత రానివాళ్లకు మోకాటి లోతు చాలు. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంటనే దూకకుండా, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను విసరండి.

సముద్రం తేడాగా ఉంటే

నీళ్లు ఒక్కసారిగా వెనక్కి పోయి, ఎప్పుడూ కనబడని ఇసుక బయటపడితే గవ్వలకూ చేపలకూ ఎగబడొద్దు, సెల్ఫీలకు అసలే వద్దు. వెనక్కి పోకుండానే నీళ్లు ఉబికి రావచ్చు కూడా. సముద్రం వైపు నుంచి పెద్ద హోరు వినిపించినా అదే గుర్తు. భూకంపం దూరంలో వస్తుంది కాబట్టి కాళ్ల కింద నేల కదలకపోవచ్చు. అందుకోసం ఎదురు చూడొద్దు.

సుమత్రా పక్కన సిమెలూ అనే దీవి ఉంది. 1907లో అక్కడ సునామీ వచ్చినప్పటి నుంచి పెద్దవాళ్లు పిల్లలకు ఆ కథ చెబుతూ వచ్చారు. భూమి కంపించి సముద్రం వెనక్కి పోతే గుట్టెక్కాలని. వాళ్ల భాషలో దాని పేరు స్మాంగ్. 2004లో ఆ దీవిలో ఉన్న 70 వేలకు పైగా జనంలో చనిపోయింది ఏడుగురే.

పైకెక్కాక మొదటి అల తగ్గిందని దిగకండి. రెండోదో మూడోదో ఇంకా పెద్దది కావచ్చు. ఒక్కోసారి రెండింటికీ మధ్య గంట దాకా పడుతుంది. అధికారులు చెప్పేదాకా గంటలైనా పైనే ఉండాలి. ఒక్కోసారి ఏమీ రాదు కూడా. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర అంత పెద్ద భూకంపం వచ్చినా, నేల పక్కకు జరిగింది కాబట్టి పెద్ద అలలు లేవలేదు. అలాంటప్పుడు ఈల ఊదిన అవ్వను ఎవరూ ఎగతాళి చేయకండి. వచ్చేసారి ఊదదు.

కడపలో ఉండిపోయినవాళ్లు

టీవీలో వార్త చూడగానే పదిమందీ పది ఫోన్లు చేస్తే లైన్లు కలవవు, టెన్షన్ పెరుగుతుంది. ఇంట్లో ఒక్కరే, ముందే రాసి పెట్టుకున్న డ్రైవర్ నంబరుకు ఒక్క మెసేజ్ పెట్టండి: "ఎక్కడున్నారు, అందరూ పైకెక్కారా?" వాట్సాప్‌లో తిరిగే పాత సునామీ వీడియోలు వాళ్లకు పంపొద్దు. అక్కడ ఫోన్లలో ఛార్జింగ్ ఎంతుందో మీకు తెలియదు.