హాట్‌స్పాట్ పరికరంతో ఇంటికి ఇంటర్నెట్: కొనే ముందు, కొన్న తరువాత

విజయవాడ మొగల్రాజపురంలో కొండ అంచున మేము అద్దెకు దిగిన ఇంటి దాకా ఫైబర్ లైను రాదని తెలిసినప్పటి నుంచి, సిమ్ వేస్తే వైఫై ఇచ్చే చిన్న హాట్‌స్పాట్ పరికరంతోనే మా ఇంటి ఇంటర్నెట్ నడుస్తోంది. చాలామంది ఇప్పటికీ దీనిని డాంగిల్ అనే అంటారు. తరచుగా ఇల్లు మారే అద్దెదారులకు ఇది మంచి ఏర్పాటే. అయితే ఏ ప్లాన్ వేయించాలన్న ఆలోచన కంటే ముందు, ఆ పరికరాన్ని ఇంట్లో ఏ చోట ఉంచాలో తేల్చుకోవాలని నా గట్టి అభిప్రాయం.

పరికరం కొనకముందే ఈ పరీక్ష చేయవచ్చు. బంధువులవో స్నేహితులవో వేర్వేరు కంపెనీల సిమ్‌లున్న ఆండ్రాయిడ్ ఫోన్లను ఇంటికి తెప్పించుకుని, సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాలుండే భాగంలో సిమ్ స్టేటస్ తెరిస్తే, సిగ్నల్ బలం మైనస్ గుర్తుతో డీబీఎం (సిగ్నల్ శక్తి కొలత) లెక్కలో కనిపిస్తుంది. అంకె సున్నాకు ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం. 4జీలో ఆ అంకె మైనస్ 90 దగ్గర ఉంటే చాలా బాగున్నట్టు. మైనస్ 100 దగ్గర పని నడుస్తుంది. మైనస్ 110 దాటితే వీడియో కాల్ మధ్యమధ్య ఆగిపోతుంది. మా హాల్లో బీరువా పక్కన మైనస్ 113 చూపించిన సిమ్, బందరు రోడ్డు వైపు తెరుచుకునే వంటింటి కిటికీలో మైనస్ 96 చూపించింది. ఈ లెక్కలో 10 పెరిగితే శక్తి పదింతలవుతుంది కాబట్టి, 17 తేడా అంటే సుమారు యాభై రెట్లు. పైసా ఖర్చు లేకుండా, ఆరడుగులు జరిపినందుకే ఇంత మార్పు వచ్చింది. కొండ అడ్డుగా ఉన్న ఇళ్లలో ఏ గోడ టవరు వైపు ఉందో కంటికి తెలియదు కాబట్టి, ప్రతి కిటికీ దగ్గరా నిమిషం సేపు నిలబడి అంకె రాసుకోవాలి. సిగ్నల్ బాగున్నా, రాత్రి తొమ్మిది గంటల వేళ టవరు మీద రద్దీ పెరిగి వేగం పడిపోవచ్చు. అందువల్ల స్పీడ్ టెస్టును ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి చేయాలి.

పరికరాన్ని కిటికీ దగ్గర ఉంచితే వెనుక గదికి వైఫై అందదేమోనన్న సందేహం సహజమే. టవరు నుంచి వచ్చే సిగ్నలే బలహీనంగా ఉన్నప్పుడు ఇంట్లో వైఫై ఎంత బలంగా ఉన్నా ఉపయోగం లేదు కాబట్టి, ముందు టవరు సంగతే చూడాలి. ఇనుప గ్రిల్‌కు ఆనించి గానీ, ఫ్రిజ్ మీద గానీ, స్టీలు సామాన్ల స్టాండులో గానీ పెట్టకూడదు.

అమర్చడం తేలిక. సిమ్ వేసి ఆన్ చేసి, పరికరం మీద స్టిక్కరులో ఉన్న వైఫై పేరు, పాస్‌వర్డ్‌తో ఫోన్ కలపాలి. ఆ స్టిక్కరు మీదే ఉన్న 192.168.1.1 వంటి చిరునామాను బ్రౌజరులో తెరిచి, వైఫై పాస్‌వర్డ్‌ను, పరికరం సెట్టింగ్స్ తెరిచే అడ్మిన్ పాస్‌వర్డ్‌ను రెండింటినీ మార్చాలి. రెండోదాన్ని చాలామంది మరచిపోతారు.

అసలు ఇబ్బంది డేటాతో వస్తుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే ప్లాన్లలో అది అయిపోగానే వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది, ఆ వేగంతో వాట్సాప్ సందేశం తప్ప మరొకటి సాగదు. ఒక ఆదివారం ఉదయం పదకొండు గంటలకే మా డేటా అయిపోయి, మా అమ్మాయి క్లాసు మధ్యలో తెగిపోయింది. కారణం వెతికితే, నా ఫోనులోని పెళ్లి వీడియోలన్నీ గూగుల్ ఫొటోస్‌లోకి బ్యాకప్ అవుతున్నాయి. వైఫై అంటే అపరిమితమని ఫోన్ అనుకుంటుంది కాబట్టి, మొబైల్ డేటా మీద ఆపి ఉంచిన పనులన్నీ ఇక్కడ మొదలుపెడుతుంది. అందుకని ఇంట్లో ఉన్న ప్రతి ఫోనులోనూ ఈ వైఫై పేరు నొక్కి దానిని మీటర్డ్‌గా, అంటే డేటాకు పరిమితి ఉన్న కనెక్షన్‌గా మార్చాలి. విండోస్ ల్యాప్‌టాప్‌లోనూ మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేయాలి. ప్లే స్టోరు ఆటో అప్‌డేట్లను, వాట్సాప్‌లో వైఫై మీద దిగే వీడియోలను ఆపాలి. యూట్యూబ్ వీడియో నాణ్యతను 480పీ దగ్గర ఉంచితే చదువుకు సరిపోతుంది.

ఎండాకాలంలో మాత్రం ఇదే కిటికీ ప్రమాదం. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలకు మించిన వేడిలో చార్జ్ చేయకూడదు. రోహిణి కార్తెలో మధ్యాహ్నపు ఎండ పడే కిటికీలో, చార్జరుకు తగిలించి ఉన్న పరికరం లోపల అంతకు మించి వేడెక్కుతుంది. నేను పగలూ రాత్రీ ప్లగ్ తీయకుండా ఉంచిన మొదటి పరికరం వెనుక మూత ఒక ఉదయం వేలి మందాన పైకి లేచి ఉంది. లోపల బ్యాటరీ అప్పడంలా ఉబ్బింది. అలా కనిపిస్తే వెంటనే చార్జరు తీసేయాలి. ఉబ్బిన బ్యాటరీని నొక్కకూడదు, గుచ్చకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు. ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వాలి. ఇప్పుడు మేము పదకొండు నుంచి నాలుగు వరకు పరికరాన్ని లోపలి గూటికి మార్చి, చార్జింగును రాత్రి పూట రెండు గంటల సేపటికే పరిమితం చేశాం.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పుడు, కరెంటు లేని ఇంట్లో చార్జింగ్ ఎంత విలువైనదో ఈ ఊరు చూసింది. వానలు మొదలు కాకముందే ఒక పవర్ బ్యాంకు నింపి, దానితో పరికరాన్ని ఒక పూట నడిపి, ఎన్ని గంటలు వస్తుందో కాగితం మీద రాసి దానికే అంటించి ఉంచండి.