పానీయాల అమ్మకాలు, మార్కెటింగ్ కోర్సు: రుచితో పాటు లెక్క కూడా వచ్చేలా చదవడం

ఈ కోర్సులో చేరినవాళ్ల ఉత్సాహమంతా రుచి చూసే తరగతుల మీదే ఉంటుంది. మార్కులు పోయేది మాత్రం లెక్కల దగ్గర. అందుకని మొదటి వారం నుంచే ఒక నోట్‌బుక్ పెట్టుకుని, రుచి చూసిన ప్రతి పానీయానికీ ఎదురెదురు రెండు పేజీలు కేటాయించండి. ఎడమ పేజీలో రంగు, వాసన, రుచి, గొంతు దిగాక ఎంతసేపు నిలిచింది అనేవి రాయండి. కుడి పేజీలో సీసా పరిమాణం, కొన్న ధర, గ్లాసుకు పడే ఖర్చు, అమ్మే ధర, ఎవరు ఏ సందర్భంలో తాగుతారు అనేవి ఉండాలి. కుడి పేజీ ఖాళీగా మిగిలితే ఆ పానీయం గురించి సగమే చదివినట్టు.

రుచి తరగతికి ముందు

సెంటు పూసుకుని వెళ్లకండి. మీ ఒక్కరి సెంటుతో గదిలో అందరి ముక్కులూ పనికిరాకుండా పోతాయి. వైన్‌కు వాడే ప్రామాణిక ఐఎస్‌ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) గ్లాసులో సుమారు 215 మి.లీ. పడుతుంది. అందులో 50 మి.లీ. మాత్రమే పోయాలి, మిగతా ఖాళీ వాసన నిలవడానికి. తేలికవాటి నుంచి గాఢమైనవాటికి, తీపి లేనివాటి నుంచి తీపివాటికి వెళ్లాలి. తీపిది ముందు తాగితే ఆ తర్వాత వచ్చేదంతా పుల్లగా తోస్తుంది. ఒక విడతకు ఆరు నమూనాలు చాలు. మద్యమైతే మింగకుండా ఉమ్మేయాలి. ఉమ్మినా కొంత ఒంట్లోకి వెళ్తుంది కాబట్టి తరగతి అయ్యాక బండి నడపకూడదు.

మద్యం ముట్టనివాళ్లు, చట్టం చెప్పే వయసు రానివాళ్లు టీ, కాఫీలతో ఇదే సాధన చేయవచ్చు. ఐఎస్‌ఓ 3103 పద్ధతిలో 100 మి.లీ. మరిగిన నీటికి 2 గ్రాముల టీ ఆకు వేసి ఆరు నిమిషాలు ఉంచుతారు. కాఫీ కప్పింగ్‌లో, అంటే కాఫీ రుచి చూసి పోల్చే పద్ధతిలో, 150 మి.లీ. నీటికి 8.25 గ్రాముల పొడి వేసి, నాలుగు నిమిషాలకు పైన కట్టిన తెట్టును చెంచాతో విడగొట్టి వాసన చూస్తారు. తూకం తప్పితే రెండు కాఫీల తేడా కాదు, రెండు చిక్కదనాల తేడా రాసుకుంటారు.

మాటల విషయంలో ఒక జాగ్రత్త. ‘డ్రై’ అంటే తీపి లేనిది అని మాత్రమే అర్థం. నోరు పట్టేసినట్టుండే వగరుకు కారణం టానిన్ అనే పదార్థం. ఈ రెండిటినీ కలిపేయడం మొదటి ఏడాది జవాబు పత్రాల్లో మామూలుగా కనిపించే తప్పు. వగరు అనే సొంత మాట మనకుంది కాబట్టి నోట్స్ తెలుగులో రాసుకుంటే ఈ గందరగోళం చాలావరకు పోతుంది.

అసలు పని: లెక్కలు

750 మి.లీ. వైన్ సీసా 600కు కొన్నారనుకోండి, ఏ కరెన్సీ అయినా సరే. గ్లాసుకు 150 మి.లీ. చొప్పున ఐదు గ్లాసులు, ఒక్కోదానికి ఖర్చు 120. అమ్మకం ధరలో పానీయం ఖర్చు 30 శాతం ఉండాలనుకుంటే 120ని 0.30తో భాగించాలి. ధర 400 వస్తుంది. ఇప్పుడు పోసేవాళ్ల చెయ్యి కాస్త జారి గ్లాసుకు 165 మి.లీ. పడిందనుకోండి. ఖర్చు 132 అవుతుంది, అంటే 33 శాతం. పదిహేను మి.లీ. దగ్గర మూడు శాతం లాభం పోయింది. కొలపాత్ర వాడమని పదేపదే చెప్పేది ఇందుకే.

డ్రాఫ్ట్ బీర్‌లో, అంటే పీపా నుంచి పైపు ద్వారా గ్లాసుల్లోకి పట్టే బీర్‌లో, నష్టాన్ని ముందే తీసేసి లెక్కించాలి. 50 లీటర్ల కెగ్‌ను (పీపాను) 400 మి.లీ. గ్లాసులుగా భాగిస్తే కాగితం మీద 125 వస్తాయి. నురుగుకు, పైపుల శుభ్రతకు 8 శాతం పోతుందనుకుంటే మిగిలేది 46 లీటర్లు, 115 గ్లాసులు. నష్టం 8 శాతం కంటే బాగా ఎక్కువగా కనిపిస్తే ముందు చల్లదనం, గ్యాస్ ఒత్తిడి చూడండి. బీర్ వెచ్చబడితే గ్యాస్ విడిపోయి నురుగు పెరుగుతుంది.

మార్జిన్, మార్కప్ ఒకటి కావు. 60కి కొని 100కి అమ్మితే మార్జిన్ 40 శాతం, మార్కప్ 66.7 శాతం. మార్జిన్‌ను అమ్మకం ధర మీద లెక్కిస్తారు, మార్కప్‌ను కొన్న ధర మీద. ధరల గొలుసును ఎప్పుడూ వినియోగదారు కట్టే ధర నుంచి వెనక్కి కట్టుకుంటూ రండి. పన్నులు పక్కన పెడితే, షాపు ధర 100, షాపు మార్జిన్ 20 శాతం అయితే షాపు కొనేది 80కి. డిస్ట్రిబ్యూటర్ మార్జిన్ 10 శాతం అయితే కంపెనీ చేతికి వచ్చేది 72. దీన్నే కింది నుంచి పైకి, 72కు 10 శాతం, దానిమీద 20 శాతం కలుపుతూ వెళ్తే 95.04 దగ్గర ఆగిపోతుంది. మిగతా ఐదు ఎక్కడికి పోయిందో తేలక పరీక్షలో అరగంట వృథా అవుతుంది.

డిస్ట్రిబ్యూటర్‌కు పంపిన సరుకు, అక్కడి నుంచి కదిలిన సరుకు కూడా వేర్వేరు. నెల మొదట్లో 200 కేసులు ఉన్నాయి, 1,000 పంపారు, 600 కదిలాయి. కంపెనీ పుస్తకాల్లో 1,000 అమ్మినట్టే కనిపిస్తుంది. గోదాములో మాత్రం 600 కేసులు, అంటే ఒక నెల సరుకు, పాతబడుతూ కూర్చుంది. వచ్చే నెల ఆర్డర్ పడిపోతే ఆశ్చర్యం అక్కర్లేదు. కేస్ స్టడీ చేతికి రాగానే అమ్మకాలంటే ఇందులో ఏవని అడిగి తేల్చుకోండి.

పంపిణీకీ రెండు కొలతలున్నాయి. 200 షాపుల్లో 80 చోట్ల మీ పానీయం ఉంటే సంఖ్యాపరమైన పంపిణీ 40 శాతం. ఆ రకం పానీయాల మొత్తం అమ్మకాల్లో 65 శాతం ఆ 80 షాపులదే అయితే బరువుతో కూడిన పంపిణీ 65 శాతం. రెండో అంకె పెద్దదైతే పెద్ద షాపుల్లో మీరు ఉన్నట్టు. చిన్నదైతే సేల్స్‌మన్ సులువుగా దొరికే చిన్న షాపుల చుట్టూ తిరుగుతున్నట్టు.

రుచి పరీక్ష ఎంతవరకు నమ్మాలి

తేడా ఉందో లేదో తేల్చడానికి ట్రయాంగిల్ పరీక్ష వాడండి. మూడు కప్పుల్లో రెండు ఒకటే, మూడోది వేరు. వేరుదాన్ని పట్టుకోవాలి. ఊరికే ఊహించినా మూడింట ఒక వంతు జవాబులు సరైనవే అవుతాయి కాబట్టి 30 మందిలో 10 మంది సరిగ్గా చెప్తే అది ఏమీ కాదు. 5 శాతం స్థాయిలో, అంటే ఊహ వల్లే అలా వచ్చే అవకాశం 5 శాతానికి మించకుండా, నమ్మాలంటే కనీసం 15 మంది చెప్పాలి. కప్పుల వరుస మార్చకుండా అందరికీ ఒకేలా ఇస్తే ఫలితం చెడుతుంది.

ఆ పరీక్ష తేడాను చెప్తుంది, కొనుగోలును చెప్పదు. కోకా-కోలా సుమారు 2 లక్షల రుచి పరీక్షలు చేసి 1985 ఏప్రిల్ 23న కొత్త రుచిని ప్రకటించింది. జులై 11కల్లా పాతదాన్ని వెనక్కి తెస్తున్నట్టు చెప్పాల్సి వచ్చింది. గుక్కెడు తాగి బాగుందనడం వేరు, సీసా మొత్తం తాగడం వేరు, అలవాటైనదాన్ని పోగొట్టుకోవడం మరీ వేరు. మీ సర్వేలో ఈ మూడింటికీ విడివిడి ప్రశ్నలు పెట్టండి.

ప్రకటనల చట్టాలను బట్టీ పట్టకుండా ఏ దేశం ప్రచారానికి ఏ దారిని మూస్తుందో చూడండి. ఫ్రాన్స్‌లో 1991 నాటి ఎవాన్ చట్టం టీవీలో, సినిమా హాళ్లలో మద్యం ప్రకటనలను ఆపేసింది. అక్కడ ప్రచారం డబ్బు వేరే దారి వెతుక్కోవాలి.

ప్రాజెక్టుకు 20 షాపులు, ఎనిమిది వారాలు సరిపోతాయి. ప్రతి వారం అదే రోజు, అదే సమయానికి వెళ్లి సరుకు ఉందా, షెల్ఫ్ ముందు వరుసలో ఎన్ని సీసాలు కనిపిస్తున్నాయి, ధర ఎంత, కూలర్‌లో ఉందా బయట ఉందా, తయారీ తేదీ ఏమిటి అని రాసుకోండి. యజమాని అనుమతి ముందే తీసుకోండి, రద్దీ వేళ వెళ్లకండి. ఒకసారి శుక్రవారం సాయంత్రం, ఇంకోసారి సోమవారం ఉదయం వెళ్లారంటే సరుకు లేకపోవడానికి కారణం గిరాకీయా, ఆలస్యంగా వచ్చే లారీయా అన్నది ఎప్పటికీ తేలదు.