పేదింటి కథను చిన్న సినిమాగా తీయాలంటే

స్క్రిప్ట్ మొదలుపెట్టే ముందు నేను ఆ ఇంటి జమాఖర్చు రాసుకుంటాను. నెలకు ఎంత వస్తుంది, ఎవరి చేతికి వస్తుంది, ఏ రోజు వస్తుంది? అప్పు ఎవరి దగ్గర ఉంది, వడ్డీ ఎంత, వాయిదా ఎప్పుడు? ఈ లెక్క తెర మీద కనిపించదు. కానీ కథంతా ఇందులోంచే పుడుతుంది.

పల్లెలోని పేదింటి కథ అనగానే చాలామంది ఏడుపుతో మొదలుపెడతారు. నేను మాత్రం ఒకే వారంలో వచ్చిపడే రెండు ఖర్చుల కోసం వెతుకుతాను. తల్లికి మందులు కొనాలి, కొడుక్కి పరీక్ష ఫీజు కట్టాలి. చేతిలో డబ్బు ఒకదానికే సరిపోతుంది. ఎవరు తేలుస్తారు? మిగతావాళ్ళకు ఎప్పుడు తెలుస్తుంది? రోజుకు రెండు మాత్రలు వేసుకోవాల్సిన తల్లి ఒక్కటే వేసుకుంటూ, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదనుకోండి. సీన్ దొరికినట్టే. "మనం పేదవాళ్ళం" అని ఎవరి చేతా అనిపించక్కర్లేదు.

అప్పిచ్చినవాణ్ణి విలన్ చేయకండి. చిన్న ఊళ్ళో అతను రోజూ ఎదురుపడతాడు, పలకరిస్తాడు, ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం అడుగుతాడు. అరుపుల కంటే ఆ మర్యాదలోనే ఎక్కువ టెన్షన్ ఉంటుంది. అలాగే ఇంట్లో ప్రతి మనిషికీ డబ్బుతో సంబంధం లేని కోరిక ఒకటి ఇవ్వండి. పేదవాళ్ళు కూడా అసూయపడతారు, గొప్పలు చెప్పుకుంటారు, పగలబడి నవ్వుతారు. అవన్నీ తీసేసి కష్టాలు మాత్రమే ఉంచితే, మనం వాళ్ళకు అన్యాయం చేసినట్టే.

మాటల దగ్గర తొందరపడొద్దు. ఇటలీ దర్శకుడు లుకినో విస్కాంటి 1948లో 'లా తెర్రా త్రేమా' సినిమాని సిసిలీ దీవిలోని ఆచి త్రెజ్జా అనే ఊళ్ళో తీశాడు. అందులో నటించింది ఆ ఊరి జాలర్లే, మాట్లాడింది వాళ్ళ మాండలికమే. కాగితం మీది డైలాగు బట్టీ పట్టించే బదులు సందర్భం చెప్పి, "మీరైతే ఏమంటారు?" అని అడగండి. వాళ్ళన్నదే రాసుకోండి. బయటినుంచి నటులను తెస్తే ముందు పని నేర్పించండి. బరువు ఎత్తే తీరు, పనిముట్టు పట్టుకునే తీరు కుదరకపోతే ఎంత మంచి నటనైనా తేలిపోతుంది.

వెలుగుకి పెద్ద ఖర్చు అక్కర్లేదు. 1956లో వచ్చిన సత్యజిత్ రే సినిమా 'అపరాజితో' కోసం స్టూడియోలో వేసిన ఇంటి ఆవరణ మీద ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర తెల్లటి గుడ్డ పరిచి కట్టించి, కింది నుంచి దీపాల వెలుగును దాని మీదకు కొట్టించాడు. అది మెత్తగా కిందికి పరుచుకుని ఆరుబయటి పగటి వెలుగులా కనిపించింది. మీకూ ఒక తెల్ల దుప్పటి, తెరిచిన తలుపు ఉంటే చాలా సీన్లు గడిచిపోతాయి. దయచేసి ఎడిటింగ్‌లో రంగులన్నీ పీల్చేసి మట్టి రంగు పులమకండి. పేదింట్లో కూడా ముదురు నీలం గోడలుంటాయి, ఎర్ర పూల దుప్పట్లుంటాయి.

డబ్బు ఆగితే షూటింగ్ ఆగుతుంది. అందుకే పిల్లలున్న సీన్లు, ముసలివాళ్ళ సీన్లు ముందే ఒక్క విడతలో పూర్తి చేయండి. సత్యజిత్ రే 'పథేర్ పాంచాలి' 1952లో మొదలై, మధ్యలో డబ్బు లేక పదేపదే ఆగి 1955లో విడుదలైంది. ఆ లోపు అపు వేషం వేసిన పిల్లాడి గొంతు మారకపోవడం, అతని అక్క దుర్గగా వేసిన అమ్మాయి ఎదిగిపోకపోవడం, ముసలావిడగా వేసిన నటి బతికే ఉండటం తన అదృష్టమని రే చెప్పుకున్నాడు. ఆ అదృష్టాన్ని నమ్ముకుని షెడ్యూల్ వేయకూడదు.

నిజంగా ఒక కుటుంబం ఉంటున్న ఇంట్లో తీస్తుంటే అద్దె ఇవ్వండి, మీవల్ల పోయిన పని రోజులకు కూలీ కూడా ఇవ్వండి. పనులు ఎక్కువగా ఉండే రోజులు ముందే అడిగి, అప్పుడు వెళ్ళకండి. ఇల్లు ఇంకా పేదగా కనబడాలని వాళ్ళు ముచ్చటపడి కొనుక్కున్న వస్తువును పక్కన పెట్టించవద్దు. సినిమాలో దానికీ చోటివ్వండి. సంతకం తీసుకునే ముందు ఒప్పందాన్ని వాళ్ళ భాషలో చదివి వినిపించండి. ఎడిటింగ్ అయ్యాక, ఫెస్టివల్‌కు పంపకముందే, సినిమా మొదట వాళ్ళకు చూపించండి. ఫలానా షాట్ వద్దంటే, అది మీకు ఎంత ఇష్టమైనదైనా తీసేయండి.