నోట్స్‌లో ఉన్న లాట్ నంబరు పట్టికలో దొరకట్లేదా?

గుంటూరు మిర్చి యార్డు నుంచి సరుకు ఏసీకి (కోల్డ్ స్టోరేజీని ఇక్కడ అలాగే అంటాం) వెళ్లాక మా లెక్క మూడు చోట్ల ఉంటుంది. టిక్కీల (మిర్చి బస్తాల) పట్టిక సీఎస్‌వీలో (కామాలతో గళ్లు విడదీసే ఫైల్), రైతుతో మాట్లాడిన నోట్స్ మార్క్‌డౌన్‌లో (మామూలు గుర్తులతో శీర్షికలు, లింకులు రాసే తీరు), రోజువారీ పనులు ఆర్గ్ ఫైల్లో (ఈమాక్స్ ఎడిటర్‌లో పనుల జాబితాలు రాసుకునే తీరు). అన్నీ ఉత్త టెక్స్ట్ ఫైళ్లే. అయినా ఒకదాంట్లో చూసింది ఇంకోదాంట్లో దొరకదు.

సమస్య: నోట్స్‌లో 0417 ఉంది, పట్టికలో లేదు.

కారణం: ఎవరో సీఎస్‌వీని స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి సేవ్ చేసి ఉంటారు. అది అంకె అనుకుని ముందున్న సున్నా తీసేసింది. 3-12 లాంటి నంబరైతే ఏకంగా తేదీ అయిపోతుంది. మా తేజ రకం మిర్చి లాట్లకు ఇలాగే జరిగింది. రైతు ఎదురుగా కూర్చుని ఉండగా సాయంత్రం దాకా రసీదు పుస్తకాలు తిరగేశాం. ఏడాది పంట పెట్టిన మనిషికి "మీ సరుకు కనపడట్లేదు" అని చెప్పాల్సి వస్తే ఆ టెన్షన్ మామూలుది కాదు.

పరిష్కారం: నంబరు ముందు అక్షరాలు చేర్చి LOT0417 అని రాయండి. అప్పుడది అంకె కాదు కాబట్టి సున్నా పోదు. అంకెలు ఎప్పుడూ నాలుగే ఉండాలి. లేదంటే 417 కోసం వెతికితే 1417 కూడా వచ్చి పడుతుంది. ఇప్పటికే తేదీలుగా మారినవాటిని ఊహించి దిద్దొద్దు, రసీదు చూసే దిద్దండి.

సమస్య: "స్టాక్ రసీదు" కంటికి కనిపిస్తోంది, వెతికితే రావట్లేదు.

కారణం: "స్టాక్" చివర పొల్లు తర్వాత కనపడని అక్షరం ఒకటి ఉంది. సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో ఒత్తు పడకుండా ఆపేది అదే. యూనికోడ్‌లో (కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే పద్ధతి) దాని నంబరు 200C. కర్సర్‌ను బాణం మీటతో ఒక్కో అక్షరం జరపండి. కొన్ని ఎడిటర్లలో అది ఉన్నచోట ఒకసారి నొక్కినా కర్సర్ కదలదు.

పరిష్కారం: స్పేస్‌కు ముందున్నవాటినే తీసేయండి. అన్నీ తీస్తే సాఫ్ట్‌వేర్ కాస్తా సాఫ్ట్వేర్ అవుతుంది. లాట్ కోడ్‌ను మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లోనే టైప్ చేయండి, ఈ బెడద దాదాపు ఉండదు.

సమస్య: ఫైల్ పేరు మార్చగానే లింకులు పోయాయి.

మార్క్‌డౌన్ లింకు రాసే తీరు వేరు, ఆర్గ్‌ది వేరు, సీఎస్‌వీకి అసలు లింకే లేదు. అందుకే లింకుల మీద ఆధారపడకుండా మూడింట్లోనూ అదే కోడ్ రాయండి. ఫోల్డర్ మొత్తం గ్రెప్‌తో (ఫైళ్లలో మాటను వెతికే కమాండ్) వెతికితే ఏ ఫైల్లో ఎన్నో లైనో చూపిస్తుంది.