అసైనీ లెక్క కుదరడం లేదా? సమస్య - పరిష్కారం

బరంపురంలో అప్పుల్లో మునిగిన కొందరు వ్యాపారులు ఐపీ (దివాలా పిటిషన్) పెట్టకుండా ఆస్తంతా దస్తావేజు రాసి, అప్పిచ్చినవాళ్ళు నమ్మే పెద్దమనిషికి అప్పగిస్తారు. ఆయనే అసైనీ. ఇలాంటి చిట్టాలు చాలా సరిచేశాను. నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఆస్తి చేతికొచ్చిన రోజు రాసిన జాబితా ఏది? సరుకు, రొక్కం, రావలసిన బాకీలు పేరుపేరునా, సంతకాలతో ఉండాలి. అది చూడకుండా కూడికలు మొదలుపెట్టకండి.

సమస్య: చిట్టా నిల్వకూ పాస్‌బుక్కుకూ పొంతన లేదు.
వసూళ్లు అసైనీ సొంత ఖాతాలో పడుతున్నాయి. విడి ఖాతా తెరిచి ఈరోజే మార్చండి. దస్తావేజు ట్రస్టుగా రాసుకున్నదైతే, 1882 ట్రస్టుల చట్టం 19వ సెక్షన్ ప్రకారం స్పష్టమైన లెక్క ఉంచడం, అడిగితే చూపడం ఆయన బాధ్యత.

సమస్య: బాకీదార్లు "కట్టేశాం" అంటున్నారు, చిట్టాలో జమ లేదు.
అందరూ ముందు గుమాస్తానే అనుమానిస్తారు. ఒక పట్టుచీరల కొట్టు విషయంలో నేనూ అదే చేశాను, వారం రోజులు ఆయన్ను టెన్షన్ పెట్టాను. ఆ తప్పు ఇప్పటికీ బాధిస్తుంది. డబ్బు పోయింది గల్లాపెట్టె పక్కన అంటించిన పాత క్యూఆర్ కోడ్‌లోకి! ఇచ్ఛాపురం, పర్లాకిమిడి చిల్లర వ్యాపారులు అలవాటుగా దానికే కడుతున్నారు. అది యజమాని ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, అంటే బ్యాంకు అప్పు) ఖాతాకు కలిపి ఉంది. పడిన ప్రతి రూపాయీ బ్యాంకు అప్పుకు జమైపోయి, మిగతావాళ్ళకంటే ముందు బ్యాంకుకే ముట్టింది.

స్టిక్కర్ పీకేస్తే చాలదు, పాత నంబరు వాళ్ళ ఫోన్లలో ఉంటుంది. లింకే మూయించండి. బాకీదార్లకు తెలుగులోనూ ఒడియాలోనూ కబురు పంపండి. యజమాని సంతకంతో దస్తావేజు తేదీ నుంచి స్టేట్‌మెంట్ తెప్పించి, ప్రతి జమనూ ఆవర్జాలో (పేరువారీ ఖాతా పుస్తకంలో) పేరుతో సరిచూడండి. సొమ్ము వెనక్కిమ్మని బ్యాంకుకు రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే పద్దు వదిలేయకండి. మొత్తాన్ని ఒకవైపు వసూలుగా, మరోవైపు బ్యాంకుకు ముట్టినట్టుగా రాసి, పంపకంలో బ్యాంకు బాకీ అంతమేర తగ్గించి చూపండి. అప్పుడే మిగతావాళ్ళు అభ్యంతరం చెప్పగలరు.

సమస్య: అసైనీ ఖర్చులపై గొడవ.
వోచరు ఉన్న న్యాయమైన ఖర్చు తీసుకోవచ్చు. జీతం మాత్రం దస్తావేజులో రాసుంటేనే.

లెక్క కుదరకపోవడానికి కూడికలో తప్పు, చెల్లని చెక్కు కారణం కావడం అరుదు, అవి అరగంటలో తేలిపోతాయి.

సమస్య: పంచాక అప్పిచ్చినవాళ్ళలో ఒకాయన కోర్టుకెళ్లాడు.
1920 ప్రావిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద ఇలా ఆస్తంతా రాసివ్వడమే దివాలా చర్య, మూడు నెలల్లోపు పిటిషన్ వేయవచ్చు. ఆ మూడు నెలలూ వసూలు చేయండి, రాయండి, పంచకండి.